జీపు వెనక ప్లాస్టిక్ అద్దం

2004 జూన్‌లో నన్ను మిర్యాలగూడ యూనిట్ ఆఫీసుకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుగా వేరే జిల్లాల్లో పనిచేశాను. కాగితం మీద మా హోదాకు ఏ పేరున్నా జనం నోట్లో మాత్రం మేము బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే. మేము బ్రేకులు తప్ప ఇంకేమీ చూడం అని వాళ్ల ఉద్దేశం కాబోలు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, లారీలకు ఫిట్‌నెస్ ఇవ్వడం మా రోజువారీ పని. వాటితో పాటు ఇంకో పని ఉంటుంది. దాని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ప్రమాదంలో మనిషి పోతే పోలీసులు బండిని స్టేషన్‌కు తెచ్చి మాకు రిక్విజిషన్ పంపుతారు. మేము వెళ్లి బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు, హారను పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి.

ఆ రిపోర్టులో చివరి వాక్యమే ముఖ్యం. ‘ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరగలేదు’ అని మేము రాశామంటే తప్పంతా డ్రైవరు నెత్తిన పడుతుంది. నా సర్వీసులో ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. చాలాసార్లు అది నిజమే. ఇప్పుడు చెప్పబోయే జీపు విషయంలోనూ నిజమే. అయినా ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి వచ్చేసి ఉంటే, ఒక మనిషికి చేయని హత్యకు శిక్ష పడి ఉండేది.

ఆ ఏడాది దసరా వెళ్లిన వారానికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా ఫోన్ చేశాడు. మామూలుగా అయితే కానిస్టేబుల్ చేత కాగితం పంపుతారు. ఊరి బయట ఒక రైస్ మిల్లులో జీపు వెనక్కి వస్తూ నాగమ్మ అనే కూలీ మనిషిని తొక్కిందని, దవాఖానలో స్పృహ లేకుండా రెండు రోజులుండి చనిపోయిందని చెప్పాడు. జీపు నడిపినవాడు సైదులు, ఆమె భర్త. ముందు ప్రమాదమనే అనుకున్నారట. ఆమె చనిపోయిన రోజు ఆమె అన్న వచ్చి, ఇది ప్రమాదం కాదు, కావాలని చేసిన పని అని కంప్లయింట్ ఇచ్చాడు. ప్రమాదమైతే 304-ఎ. అందులో శిక్ష పడినా తక్కువే. కావాలని తొక్కించాడంటే 302. రెండింటి మధ్య ఎంత దూరముందో వేరే చెప్పనక్కర్లేదు. మామూలు రిపోర్టు కాకుండా ఇంకో ప్రశ్నకు జవాబు కావాలన్నాడు సర్కిల్. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి వెనక ఉన్న మనిషి కనిపిస్తుందా, కనిపించదా?

నేను స్టేషన్‌కు వెళ్లేసరికి వేపచెట్టు కింద జీపు ఉంది. పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజం మీద గొంగడి. అతను నాగమ్మ అన్న లింగయ్య, మాడుగులపల్లి దగ్గర గొర్లు కాసుకునేవాడు. నన్ను చూడగానే లేచి చేతులు జోడించాడు.

“సార్, మా చెల్లెను కావాల్ననే తొక్కిచ్చిండు. పండుగ ముందునాడు చేతులిరగ్గొడ్త అని మీదికి వోయిండంట. మిల్లుల అందరిన్నరు. ఎందుకు లొల్లి వెట్టుకున్నవురా అంటె కూర మాడిందంటడు. కూర మాడితె చేతులిరగ్గొడ్తడా సార్ ఎవడన్న? మీరే సూడుండ్రి, ఆ అద్దంల కెల్లి మనిషి కనబడ్తలేడా?”

కనబడుతున్నాడు. అదే కదా వచ్చిన చిక్కు.

అది పాత డీజిల్ జీపు. పైన ఇనుప కప్పు ఉండదు. కాన్వాసు టాపు ఉంటుంది. వెనక తలుపు బదులు అదే కాన్వాసు తెరలాగా వేలాడుతుంది. దాని మధ్యలో మూరెడు వెడల్పున పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కుట్టి ఉంటుంది. దాన్నే అందరూ వెనక అద్దం అంటారు. అద్దం అన్నారు కదా అని అద్దంలాగా చూసుకుంటే అది ఆర్నెల్లు కూడా ఉండదు. ఎండకు గట్టిపడి పెళుసవుతుంది, తెరను పైకి చుట్టి తోలుపట్టీలతో కట్టినప్పుడల్లా మడతల దగ్గర చీలుతుంది. కిరోసిన్‌తో తుడిస్తే పసుపు రంగుకు తిరుగుతుంది. దుమ్ము పడ్డప్పుడు ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము పోనివ్వాలి. తర్వాత తడి మెత్తగుడ్డతో ఒకే వైపుకు తుడవాలి. పొడిగుడ్డ అసలు తగలనీయకూడదు. ఈ సంగతి ఎంతమంది డ్రైవర్లకు చెప్పానో, ఎంతమంది చెవిన పెట్టలేదో నాకు తెలుసు.

ఈ జీపుకున్న షీటు మాత్రం నిగనిగలాడుతోంది. బ్రేకులు, స్టీరింగు చూశాను. పాతబండే అయినా పనిచేస్తున్నాయి. కుడి వైపు బయటి అద్దం ఉంది, ఎడమ వైపు లేదు. ఆ కుడి అద్దంలో కుడి పక్క మాత్రమే కనిపిస్తుంది. డ్రైవరు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాను. ప్లాస్టిక్ షీటులోంచి లింగయ్య, అతని గొంగడి మీది చారలతో సహా కనిపించాడు. సర్కిల్ నా ముఖంలోకి చూశాడు. ఇంకేం చూస్తారు, రాసేయండి అన్నట్టుంది అతని చూపు.

దిగి వెనక్కి వెళ్లి షీటు చుట్టూ ఉన్న కుట్టు చూశాను. కాన్వాసు ఎండావానలకు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. టాపులో మిగతా చోట్ల దారం కూడా అలాగే నల్లబడింది. షీటు చుట్టూ ఉన్న దారం మాత్రం పాలలాగా తెల్లగా ఉంది. ఆ తెల్ల కుట్టు పక్కనే పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు వరసగా ఖాళీగా ఉన్నాయి. అంటే పాత షీటును ఊడదీసి కొత్తది వేశారు. వేసి ఎక్కువ రోజులు కాలేదు. ఒక్క వాన పడ్డా ఆ దారం అంత తెల్లగా ఉండదు.

బండిని ఎప్పుడు స్వాధీనం చేసుకున్నారని అడిగాను. సర్కిల్ కాస్త ఇబ్బందిపడ్డాడు. నాగమ్మ బతికి ఉన్నంతవరకూ అది గాయాల కేసే, అందులోనూ మిల్లు ఆవరణలో జరిగింది. అందుకని చనిపోయాక గానీ జీపును తేలేదు. మధ్యలో రెండు రోజులు అది మిల్లు యజమాని చేతిలోనే ఉంది.

మిల్లుకు వెళ్లాం. ఆ సంవత్సరాల్లో మిర్యాలగూడ రైస్ మిల్లులను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వడ్లను ఆవిరిలో ఉడకబెట్టి పెద్ద సిమెంటు గచ్చు మీద ఆరబోస్తారు. ఆడవాళ్లు వరసగా వంగి కాళ్లతో, పారలతో వాటిని తిరగేస్తుంటారు. బాయిలర్లో ఊక మండుతుంటుంది. యంత్రాల హోరుకు పక్కనున్న మనిషి మాట వినపడదు, ఇక వెనక నుంచి వచ్చే జీపు చప్పుడు ఏం వినిపిస్తుంది? నాగమ్మ గచ్చు అంచున వంగి వడ్లు దగ్గరకు లాగుతుండగా జీపు వచ్చి తగిలింది. ఆమెను చేతుల మీద ఎత్తుకుని అదే జీపులో దవాఖానకు తీసుకుపోయింది సైదులే. ఈ మాట ఎవరూ కాదనలేదు. ‘నాటకం’ అన్నాడు లింగయ్య.

మిల్లు యజమానిది కోదాడ వైపు. సేటు అని పిలిస్తే పలుకుతాడు గానీ మాట మాత్రం కృష్ణా జిల్లా మాట. ప్లాస్టిక్ షీటు ఎప్పుడు మార్చారని అడిగితే, “అబ్బే, అది ఎప్పుడో మార్పించామండీ, గుర్తుకూడా లేదు” అన్నాడు. కుట్టు దారం సంగతి చెప్పాను. నీళ్లు నమిలాడు. పాత షీటు మసకబారిందని, పండగ ముందునాడే సైదులు చెప్పాడని, పండక్కి దుకాణాలుండవు గదా వారం ఆగమన్నానని చివరికి ఒప్పుకున్నాడు. సైదులు ఆ తెరను పైకి చుట్టుకుని నడుపుతానంటే, చుడితే కాన్వాసు కూడా చిరుగుతుందని వద్దన్నది కూడా ఈయనే. ప్రమాదం జరిగాక, బండి బాగాలేకే మనిషి పోయిందని తన మీదికి వస్తుందేమోనని భయపడి, ఆ మర్నాడే ఇంకో డ్రైవరుతో జీపును కోదాడ పంపి షీటు మార్పించాడు. మిర్యాలగూడలో అయితే నలుగురూ చూస్తారని అంత దూరం పంపాడు.

“మీరు మార్పించిన అద్దం వల్లనే మీ డ్రైవరు హంతకుడయ్యేటట్టున్నాడు, తెలుసా?” అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన తల వంచుకుని, “మా ప్లీడరుగారిని అడిగి చెప్తానండి” అన్నాడు. తన మిల్లు గదిలోనే కాపురముండే పనివాడు ఉరికంబం దాకా పోతున్నా ఆ మాట చెప్పడానికి ఈయనకు ప్లీడరు కావాల్సి వచ్చింది.

సర్కిల్, నేను అదే రోజు కోదాడ వెళ్లాం. హైవే పక్కన లారీలకు టార్పాలిన్లు, జీపులకు టాపులు, సీట్లకు కవర్లు కుట్టే దుకాణాలు వరసగా ఉంటాయి. మూడు నాలుగు చోట్ల అడిగాక రహీం అనే అతను తానే వేశానన్నాడు. పోలీసు జీపు చూసి కంగారుపడ్డాడు గానీ దాచలేదు. పని ఎలా చేశాడో చెప్పమన్నాను. పాత కుట్టు బ్లేడుతో విప్పి, పాత షీటును కొత్తదాని మీద పెట్టి గీసి, అంచుకు వేలెడు ఎక్కువ ఉంచి కోశానన్నాడు. కొత్త షీటును కాసేపు ఎండలో పెడితే మెత్తబడి లొంగుతుంది. కుట్లు దూరం దూరంగా వేయాలి. దగ్గర దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వెంబడి షీటు మొత్తం చిరిగి చేతికొస్తుంది. చేసినవాడు పనిమంతుడే.

పాత షీటు ఏమైందన్నది అసలు ప్రశ్న. నాకు పెద్దగా ఆశ లేదు. రహీం మాత్రం వెంటనే గోడ మేకుకు తగిలించిన కట్టలోంచి ఒకటి లాగాడు.

“ఆది కోసం ఉంచాను సార్. ఆ సేటుకు ఇట్లాంటిదే ఇంకో బండి ఉంది. అది కూడా వస్తది కదా, మళ్లా కొలతలు తీసే పని లేకుండా.”

బట్టలు కుట్టేవాళ్లు పాత చొక్కాను ఆదిగా అడుగుతారు కదా, టాపులు కుట్టేవాళ్లకూ అదే అలవాటు. ఆ అలవాటు లేకపోతే ఆ షీటు చెత్తలో పోయి ఉండేది. పోయి ఉంటే తర్వాత ఏం జరిగేదో ఆలోచించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు. సర్కిల్ ఇద్దరు పంచులను పిలిచి, పంచనామా రాయించి దాన్ని స్వాధీనం చేసుకున్నాడు.

షీటును వెలుతురులో పెట్టి చూశాను. ఎండకు పాతబడి మసకబారింది కాదు. పాతబడితే పసుపు తిరుగుతుంది, అంచుల్లో పగుళ్లు వస్తాయి. ఇది తెల్లగా, మజ్జిగ పోసి ఆరబెట్టినట్టుగా ఉంది. భూతద్దంతో చూస్తే సన్నని గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. ఎవరో గట్టిగా, శ్రద్ధగా తోమారు. అంచున పాత సూది రంధ్రాల్లో ఇరుక్కున్న పొడిని వేలితో తీశాను. నల్లగా, మెత్తగా ఉంది గానీ రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. ఊక బూడిద.

మిల్లు బాయిలర్ల దగ్గర ఆ బూడిద కుప్పలు పడి ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో గిన్నెలు దానితోనే తోముతారు. ఇత్తడి, స్టీలు తళతళలాడతాయి. లాంతరు గ్లాసు, జీపు హెడ్‌లైటు గ్లాసు కూడా దానితో తోమితే మెరిసిపోతాయి. గాజు గట్టిది కాబట్టి తట్టుకుంటుంది. ప్లాస్టిక్ తట్టుకోదు. తడిగా ఉన్నంతసేపూ శుభ్రంగానే కనిపిస్తుంది కూడా. ఆరాకనే గుడ్డిదవుతుంది. ఆయుధ పూజకు ముందు మిల్లులో పనిముట్లు, బండ్లు అన్నీ కడిగి బొట్లు పెడతారు. అంటే జరిగింది నాకు సగం అర్థమైంది. గీతల్లో ఇంకొకటి కూడా ఉంది. షీటు పైభాగంలో పెద్ద పెద్ద చుట్లు. ప్రతి చుట్టు పక్కనా లోతైన సన్నని గీత. తోమే చేతికి మట్టిగాజులు ఉంటే అలా పడుతుంది. కింది భాగంలో మాత్రం చుట్లు చిన్నవి, ఇరుకుగా ఉన్నాయి. అక్కడ గాజుల గీతలు లేవు.

మర్నాడు సాయంత్రం స్టేషన్ ఆవరణలో పరీక్ష పెట్టాం. ప్రమాదం జరిగింది పొద్దు వాలుతున్నప్పుడు, జీపు వెనక భాగం పడమరకు ఉండగా. అందుకని అదే వేళకు, అదే దిక్కుకు బండిని నిలిపాం. కొత్త షీటు విప్పించి, పాతదాన్ని ఆ చోటే బిగించాం. సైదులును కస్టడీలోంచి తెచ్చి పక్కన నిలబెట్టారు. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆ షీటును చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

డ్రైవరు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాను. ఎండ నేరుగా ఆ గీతల మీద పడి షీటంతా తెల్లటి వెలుగైపోయింది. దాని వెనక ఒక కానిస్టేబులును ఎర్ర గుడ్డ కప్పుకుని వంగమన్నాం. బంపరుకు దగ్గరగా, కొంచెం దూరంగా, ఎడమకు, కుడికి. నాకు ఏమీ కనిపించలేదు. నీడ కూడా కనిపించలేదు. సర్కిల్ కూర్చుని చూశాడు. లింగయ్యను కూడా కూర్చోబెట్టమని నేనే అడిగాను. అతను చాలాసేపు వెనక్కే చూస్తూ ఉండిపోయాడు. దిగాక గొంగడి భుజాన వేసుకుని గేటు బయటికి పోయి నిలబడ్డాడు.

ఇది ఇలా ఎందుకైందని సర్కిల్ సైదులును అడిగాడు. “నేనే సార్, ఇసుకతోటి తోమిన” అన్నాడు సైదులు. తల ఎత్తలేదు.

అది ఇసుక కాదని, అతను తోమలేదని నాకు తెలుసు. కానిస్టేబుళ్లు షీటు విప్పుతుంటే అతన్ని కొంచెం పక్కకు పిలిచాను. పైన తోమింది నీ భార్య, గాజుల గీతలున్నాయి, కింద తోమిందెవరు అని అడిగాను. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ మనిషి చప్పున కానిస్టేబుళ్ల వైపు చూశాడు.

చెప్పించుకోవడానికి కొంత సమయం పట్టింది. పండగ ముందునాడు అతను గుమ్మడికాయ, పూలు తేవడానికి ఊళ్లోకి పోయాడు. తిరిగి వచ్చేసరికి జీపు కడిగి ఉంది, అద్దం తెల్లగా మారిపోయి ఉంది. నాగమ్మ ‘నేనే తోమిన’ అన్నది. అతను ఆమె మీదికి పోయి అరిచింది అప్పుడే. మిల్లంతా విన్నది అదే. అరుస్తూ అరుస్తూ చూస్తే జీపు వెనకాల అతని కూతురు నక్కి ఉంది. రేణుక, మూడో తరగతి చదివే పిల్ల. చేతులకు, గౌనుకు నిండా బూడిదే. చూడనట్టే ఊరుకున్నాడు.

“బూడిద మాట రాయకుండ్రి సార్. కూర మాడిందనే చెప్పిన, గట్లనే ఉండనియ్యిండ్రి. రేపు ఊళ్లె నలుగురు ముచ్చట వెట్టుకుంటరు. బూడిదతోటి తోమితె అద్దం గుడ్డిదయ్యింది, మనిషి సచ్చింది అని బిడ్డ ఇన్నదనుకో, ఇగ దాని బతుకంత గదే మోస్తది. మీ కాల్మొక్కుత.”

“నీకు 302 పెడితే ఏం చేద్దామనుకున్నావు?” అని అడిగాను.

“జైలుకు పోదమనుకున్న” అన్నాడు.

నన్ను అడిగిన ప్రశ్న, వెనక ఉన్న మనిషి కనిపిస్తుందా లేదా అన్నది. దానికి నేను పూర్తిగా జవాబు రాశాను. గరుకు పదార్థంతో తోమడం వల్ల షీటు ఉపరితలం గీతలుపడి పారదర్శకత కోల్పోయిందని, సాయంత్రపు ఎదురెండలో దాని వెనక ఉన్న మనిషి ఏ దూరంలోనూ కనిపించదని, ప్రమాదం తర్వాత షీటు మార్చబడిందని రాశాను. గరుకు పదార్థం ఏమిటో నన్ను ఎవరూ అడగలేదు. ఎవరు తోమారన్నది వాహన తనిఖీ అధికారి చెప్పవలసిన విషయమే కాదు. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు.

302 తీసేశారు. 304-ఎ మిగిలింది. వెనక కనిపించదని తెలిసీ దిగి చూడకుండా బండి వెనక్కి తోలాడు కాబట్టి ఆ సెక్షన్ సరైనదే, అందులో నాకు అనుమానం లేదు. వాయిదాకు సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు కోర్టు వరండాలో లింగయ్య సైదులుకు ఎదురుపడ్డాడు. “కండ్లు కనబడకపోతె దిగి సూడాలె గదరా. దాని పానం నీకు గంత సులకనైందా?” అని అడిగాడు. సైదులు “నాదే తప్పు బావా” అన్నాడు తప్ప మరో మాట ఎత్తలేదు. పిల్లను అప్పటికే లింగయ్య మాడుగులపల్లి తీసుకుపోయాడు. సైదులుకు కొన్ని నెలల శిక్ష పడింది, లైసెన్సు రద్దయింది. బయటికొచ్చాక అదే ఊళ్లో మరో మిల్లులో హమాలీగా చేరాడని విన్నాను. సేటుకు ఏమీ కాలేదు. ఆయన రెండో జీపుకు కూడా కొత్త షీటు వేయించాడు.

ఆ తర్వాత నేను లారీ యూనియన్ల దగ్గర, మిల్లుల దగ్గర డ్రైవర్లకు భద్రత మీటింగు పెట్టినప్పుడల్లా ప్లాస్టిక్ అద్దాన్ని బూడిదతో తోమొద్దని చెప్పేవాణ్ని. ఎందుకని అడిగితే మాత్రం చెప్పేవాణ్ని కాదు. చిన్న గీతలుంటే పాలిష్ మైనంతో కొంత పోతాయి. మొత్తం తెల్లబడ్డదాన్ని మాత్రం ఏం చేసినా బాగుచేయలేం. ఊడదీసి కొత్తది వేయాల్సిందే, వేసేదాకా బండి కదలకూడదు. కింద కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వుకునేవారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు గిన్నెలు తోమే సంగతి ఎందుకని వాళ్ల నవ్వు.

నేను రిటైరై సూర్యాపేటలో స్థిరపడ్డాను. 2014లో ఒకరోజు పొద్దున లింగయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనక ఒక అమ్మాయి. నన్ను గుర్తుపట్టారా అన్నాడు. గుర్తుపట్టాను. అతను లోపలికి రాలేదు, ‘మీతోటి మాట్లాడాలంటున్నది’ అని మాత్రం చెప్పి బండి దగ్గరే ఉండిపోయాడు. ఆమె రేణుక. సూర్యాపేటలోనే డిగ్రీ చదువుతోంది. కిందటేడు సైదులు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడని చెప్పింది. చివరిదాకా తండ్రి దగ్గరికి పోలేదట. ప్రతి దసరాకు అతను కొత్త బట్టలు తీసుకుని మాడుగులపల్లి వచ్చేవాడు. ఆమె లోపలికిపోయి తలుపేసుకునేది. తల్లిని పోగొట్టాడని కోపమని మేనమామ, ఊళ్లోవాళ్లు అనుకున్నారు.

“కోపం కాదు సార్,” అన్నది. “బాయిలర్ కాడికెల్లి బూడిద చిప్పల తెచ్చింది నేనే. కింద నాకు అందినంత నేనే తోమిన, పైన అమ్మ తోమింది. నాయిన లొల్లి చేస్తుంటే జీపు ఎన్కకు పోయి దాక్కున్న. నేనే తోమిన అని అమ్మ అన్నది, నా పేరు చెప్పలే. అమ్మ సచ్చిపోయినంక నాకు అర్థమైంది. నాయినకు మొకం ఎట్ల చూపియ్యాలె?”

అంటే తొమ్మిది, పదేళ్లుగా ఆ పిల్లకు తెలుసు. ఏ బరువు ఆమె మీద పడకూడదని సైదులు జైలుకు పోవడానికి కూడా సిద్ధపడ్డాడో, దాన్ని ఆమె మొదటి రోజు నుంచీ మోస్తూనే ఉంది.

ఆమెకు ఒక్కటే తెలియాలి. తను తోమిన సంగతి తండ్రికి తెలుసా? బండిని చూసినవాణ్ని కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని నా కాళ్లు పట్టుకున్న మనిషి ఇప్పుడు లేడు. ఆ మాట ఎవరి కోసం అడిగాడో ఆ మనిషే నా ఎదురుగా కూర్చుని ఉంది. అతను స్టేషన్ ఆవరణలో చెప్పింది చెప్పినట్టుగా చెప్పాను. జీపు వెనకాల తనను చూశాడని, గౌనుకు బూడిద చూశాడని, చూడనట్టు ఊరుకున్నాడని, బిడ్డకు తెలియొద్దని తప్ప ఇంకేదీ అడగలేదని చెప్పాను.

ఆమె ఏడవలేదు.

“అంటే అన్ని తెలిసే వచ్చిండన్నట్టు,” అన్నది, “ప్రతి దసరకు.”

అవునన్నాను. మా ఆవిడ టీ తెచ్చేసరికి ఆమె లేచి చెప్పులేసుకుంటోంది. బయట లింగయ్య బండి స్టార్ట్ చేశాడు. ఆమె అతనికి ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో నాకు తెలియదు.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి రెండు. మొదటిది ఉద్యోగంలో ఉండగానే నేర్చుకున్నాను. ఏ బండినైనా తనిఖీ చేసేటప్పుడు బ్రేకుల కంటే ముందు డ్రైవరు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూడాలి, కనిపించేది ఎప్పటి నుంచి కనిపిస్తోందో అడగాలి. నా కింద పనిచేసిన అసిస్టెంట్లందరికీ అది అలవాటు చేశాను. రెండోది రిటైరయ్యాక తెలిసింది. ఫలానా మనిషికి తెలియకూడదని ఎవరైనా బతిమాలితే, ఆ మనిషికి ఇప్పటికే తెలుసేమో ముందు కనుక్కోవాలి. సైదులూ కనుక్కోలేదు, ఎవరూ కనుక్కోలేదు. కనుక్కుని ఉంటే ఆ దసరాల్లో ఏదో ఒకదానికి ఆ తలుపు తెరుచుకునేది.